ఇంకా గుడ్లు పెట్టలేదు

బల్లారాట్‌లో ఆగస్టు.
తెల్లారేసరికి కారు అద్దం మీద మంచు,
గరిటెతో గీకితే ఉప్పులా రాలుతుంది.
లాండ్రీ గదిలో, వాషింగ్ మెషీన్‌కీ గోడకీ మధ్య
కిటికీ గాలి తగలని చోటు చూసి
ఇంక్యుబేటర్ పెట్టాను.
ఎవరో వాడి అమ్మేసింది. నలభై డాలర్లు.
మూత తీస్తే మూలన గోరంత పెంకు,
దానికి అంటుకుని కాస్త పసుపు నూగు.
ఎవరి పుట్టుకో.
వెనిగర్ నీళ్ళతో తుడుస్తుంటే
పురిటిగది కడుగుతున్నట్టనిపించి
రెండోసారీ తుడిచాను.

థర్మామీటర్లు మూడు. మూడూ మూడు మాటలు చెబుతాయి.
గ్లాసులో ఐసు దంచి పోసి ముంచాను.
మొదటిది సున్నా అంది,
రెండోది ఒకటి పాయింట్ రెండు అంది,
మూడోది ఏమీ అనకుండానే చచ్చిపోయింది.
అబద్ధం ఎంతో తెలిస్తే
అబద్ధాలకోరుతోనూ కాపురం చెయ్యొచ్చు.
టేపు ముక్క మీద తీసెయ్యాల్సిన లెక్క రాసి
దాని వీపుకి అంటించాను.
సీసా మూతలో తడి ఉప్పు, పక్కనే తేమ కొలిచేది,
రెండూ జిప్పు సంచిలో మూసి రాత్రంతా వదిలాను.
డెబ్భై అయిదు చూపించాలి.
డెబ్భై ఒకటి దగ్గర మొండికేసింది.

"కోడిగుడ్డు మీద ఈకలు పీకడమంటే ఇదే"
అన్నాడు మా ఆయన, నోట్లో టూత్‌బ్రష్‌తో.
పీకడం కాదు నాయనా,
మొలిపించడానికి చూస్తున్నాను.

గుడ్లు పక్కింటి గ్లెనిస్‌వి. తొమ్మిది.
వంటింటి గట్టు మీద అట్టపెట్టెలో
మొనలు కిందికి పెట్టుకుని సేద తీరుతున్నాయి.
ఆవిడ పుంజు నాలుగింటికే కూస్తోందని
వీధిలో ఎవరో కౌన్సిల్‌కి రాశారు.
రాసింది నేను కాదు.
అయినా ఆ ఉత్తరం వచ్చిన రోజు
ఆవిడ కళ్ళలోకి చూడలేకపోయాను,
దిండు చెవులకి అడ్డం పెట్టుకున్న రాత్రులు గుర్తొచ్చి.
పుంజు ఊరవతల ఎవరి పొలానికో వెళ్ళి ఆరు రోజులు.
"పెట్టల లోపల ఇంకో వారం ఉంటాడులే వాడు"
అంది గ్లెనిస్.
మొగుడు పోయినప్పుడు కూడా అంత మెత్తగా మాట్లాడలేదు.
పుట్టేవాటిలో సగం పుంజులేగా అని అడగబోయాను.
ఆవిడ అప్పటికే కంచెకేసి చూస్తోంది.
ఊరుకున్నాను.

మేదిని చేతికి పెన్సిల్ ఇచ్చాను.
ఒక వైపు అ, రెండో వైపు ఆ.
తొమ్మిదేళ్ళ దానికి తెలుగు గట్టిగా వచ్చింది ఇంతవరకే,
ఈ పనికి కావాల్సిందీ ఇంతే.
రోజుకి మూడుసార్లు అ నుంచి ఆకి తిప్పాలి,
పద్దెనిమిదో రోజు దాకా.
ఆ తర్వాత ముట్టుకోకూడదు.
"ఏం?"
"అప్పటికి తల ఎటు పెట్టుకోవాలో వాటికే తెలుస్తుంది."

గంపలో ఊక పోసి కోడిని పొదగేసే మా మేనత్త
గుడ్ల మధ్య ఒక ఇనుప ముక్క దోపేది,
ఉరుములకి మురిగిపోకుండా.
ముప్పై ఏడున్నర డిగ్రీలు ఆమెకి తెలియవు.
పెట్టకి తెలుసు, చాలదూ.
ఇక్కడ ఆ పెట్ట నేనే.
గురువారం ఉరుములని ఫోన్ చెప్పింది.
షెడ్డంతా వెతికి ఒక తుప్పు మేకు తెచ్చి
మెషీన్ కిందికి తోశాను, ఎవరూ చూడకుండా.

ఒక రోజంతా ఖాళీగా నడపాలిట,
లోపల ఎవరూ లేకుండా,
వేడి నిలబడుతుందో లేదో చూడ్డానికి.
మూడున్నరకి మెలకువొచ్చి వెళ్ళాను.
చీకట్లో ఎర్ర అంకెలు.
ముప్పై ఏడు పాయింట్ నాలుగు. అయిదు. మళ్ళీ నాలుగు.
మూత కాస్త ఎత్తి చెయ్యి పెట్టాను.
పక్కలోంచి ఎవరో ఇప్పుడే లేచి వెళ్ళినట్టు
వెచ్చగా ఉంది.
అంకె ముప్పై ఆరుకి జారింది, నా తప్పే.
మూతేసి, అది మళ్ళీ ఎక్కేదాకా
చల్లటి గచ్చు మీద వట్టి కాళ్ళతో నిలబడ్డాను.
నాలుగయింది.
వీధిలో ఎవరూ కూయలేదు.