జానెడు తక్కువ

రెండుసార్లు కొలిచాను.
చెక్క మీదే పెన్సిలుతో రాసి
కింద గీత కూడా గీశాను.
అయినా కోశాక జానెడు తక్కువైంది.

ట్రక్కు తొట్టిలో చక్రాల మీద లేచే
రెండు గూనుల మధ్య కొలిచానట.
అడ్డపట్టె నిలవాల్సింది పైన, అంచుల దగ్గర.

కనిపెట్టింది ఇన్యాకి.
మా తమ్ముడి చూపు ఇప్పుడు
గొట్టంలోంచి చూసినంత.
ఏడాదికి వీసం చొప్పున అదీ మూసుకుంటోంది.
తొట్టిలోకెక్కి మోకాళ్ళ మీద కూర్చుని
ఈ అంచు నుంచి ఆ అంచుకి
జానలు వేసుకుంటూ పోయి
ఆరున్నర దగ్గర ఆగి నవ్వాడు.
నవ్వకపోతే బాగుండేది.

ఈ ట్రక్కు పాచీ బాబాయిది.
ఐడహో కొండల్లో నలభై వేసవులు
గొర్రెల వెంట నడిచిన మనిషి.
ఆయన పోయి ఆరేళ్ళయినా
వానకి ముందు గాలి చెమ్మగిలితే చాలు
తొట్టి తడి ఉన్ని వాసన కొడుతుంది.
ఏ సబ్బుకీ లొంగలేదు.

పక్కింటి లెగ్రాండ్
కంచె మీద మోచేతులు ఆనించి
"నాలుగు వందల డాలర్లు పారేస్తే
తయారుగా దొరుకుతుంది కదా మైటే" అన్నాడు.
దొరుకుతుంది.
మామూలు సైకిళ్ళకి.
మాది ఇద్దరు తొక్కేది,
ముందు నేను, వెనక వాడు.
తొట్టి ఆరున్నర అడుగులు, సైకిలు ఎనిమిది.
పక్కన నెరేయాది, వాడి కూతురిది,
తొమ్మిదేళ్ళ పిల్ల, ముందు చక్రం ఊడదియ్యనివ్వదు.
"నా సైకిలు కుంటిదైపోతుంది అత్తా" అంటుంది.
దానికోసం చక్రం దిగేలా
వేరే గాడి తొలిచాను, ఒక పూటంతా పట్టింది.

ఇక అతుకు వెయ్యక తప్పలేదు.
కొత్త చెక్కకి బయల్దేరుతుంటే వాడు ఆపి
షెడ్డు మూలనుంచి ఒక పలక లాక్కొచ్చాడు.
బాబాయి గొర్రెల బండిలో మంచం పలక.
ఒకవైపు కత్తితో గీసిన గీతలు,
రోజుల లెక్కో, గొర్రెల లెక్కో.
చివరి రెండు కొట్టేసి ఉన్నాయి.
"తోడేలు పట్టుకుపోయి ఉంటుంది" అన్నాను.
"లెక్క తప్పి ఉంటుంది,
మన వంశమే అంత" అన్నాడు.

బోల్టులన్నీ వాడే బిగించాడు.
మర వేళ్ళకి అందితే చాలు వాడికి.
ఫోర్కు పట్టే బిగింపు మాత్రం తిరగేసి పెట్టాడు,
హాండిలు వెళ్ళి క్యాబిన్ అద్దానికి ఠంగున తగిలింది.
ఈసారి నేను నవ్వాను.
చెల్లుకు చెల్లు.

జూన్‌లో బయల్దేరాం.
బయటికి వేలాడే వెనక చక్రానికి
నెరేయా పాత ఎర్ర చొక్కా జెండాగా కట్టాం.
స్టాన్లీ దాటాక గతుకుల మట్టి దారి.
నా కళ్ళు దారి మీద సగం, అద్దంలో సగం.
ప్రతి గుంతకీ అతుకు కిర్రుమనేది,
వాడు "ఉంది" అనేవాడు,
మళ్ళీ కిర్రు,
"ఉంది."

రాత్రి పిల్ల క్యాబిన్‌లోనే నిద్రపోయింది.
మేమిద్దరం దించిన వెనక తలుపు మీద
కాళ్ళు వేలాడేసుకుని కూర్చున్నాం.
సైకిళ్ళు ఇంకా దించలేదు,
పొద్దున్నే అవసరం అంటూ బద్ధకించాం.
మా తలల మధ్య ఆ వెనక చక్రం.
గాలికి కాస్త కదిలి, టిక్కుమని ఆగి,
మళ్ళీ కదిలేది.

వాడు వేలితో ఒక తిప్పు తిప్పాడు.
"ఒక చువ్వ వదులైంది."
"ఏది?"
చెప్పలేదు, మళ్ళీ తిప్పాడు, వినమన్నాడు.
చెవి దగ్గర పెట్టి విన్నాను,
పైన్ చెట్ల హోరు తప్ప
నాకేమీ వినిపించలేదు.
వాసన మాత్రం వచ్చింది,
కింద తొట్టిలోంచి, మెల్లగా,
తడి ఉన్ని వాసన.

లేచి టార్పాలిన్ వెతకడం మొదలుపెట్టాను.