వాయిదా రోజున

జడ్జిగారు సెలవు. కేసు మళ్లీ ముందుకు జరిగింది.
పార్వతీపురం రైలుకి ఇంకా నాలుగు గంటలు.
కోర్టు గేటు పక్కన పచ్చరంగు బళ్లు నాలుగు,
కరెంటు సైకిలు మీద విజయనగరం చూపిస్తామని అట్టముక్క.

గైడు పేరు రొంగలి ఝాన్సీ.
హెల్మెట్టు నా తలకి తనే బిగించింది,
బడికెళ్లే పిల్లాడికి బొత్తాం పెట్టినట్టు.
"తొక్కక్కర్లేదండి. తొక్కినట్టు చేస్తే చాలు,
మిగతాది అదే చూసుకుంటుంది."
ఇరవై రెండేళ్లుగా మా వకీలు చెప్పేదీ ఇదే.

చప్పుడు లేని బండికి ఊరు దారివ్వదు.
మూడు లాంతర్ల దగ్గర జామకాయల బండి కదల్లేదు.
ఓ ఆవు మమ్మల్ని గాలి అనుకుంది.
గంటస్తంభం కింద ఝాన్సీ మైకు సర్దుకుని
"మీ కుడివైపున వీక్షించగలరు" అంది.
ఇస్త్రీ చేసిన అద్దె మాటలు.
కోట గోడ, బురుజు, ఏ రాజు ఏ ఏడు,
ఒక్కటీ తప్పకుండా అప్పజెప్పింది.
నేను తలూపాను. ఇన్నేళ్లు వచ్చిపోతూ నాకు తెలిసింది
కాంప్లెక్సు, కోర్టు, జెరాక్సు షాపు,
అల్లం చట్నీ అడక్కుండా వేసే ఓ హోటలు.

సంగీత కాలేజీ కిటికీలో ఎవరో
ఒకే గమకం దగ్గర పదేపదే జారిపడుతున్నారు.

ఇంతలో ఫోను. మైకు ఆపడం మర్చిపోయింది:
"ఒలమ్మా, అన్నం ఒండీసినాను, కూర నువ్వెట్టుకో.
నాను డూటీలో ఉన్నాను.
గుడ్లు రెండు సబ్బుడబ్బా ఎనకాలున్నాయి."
హెల్మెట్టు చెవి దగ్గర పైకెత్తి విన్నాను.

పెద్దచెరువు గట్టు మీద నా బండికి
ఒక్క గీతే మిగిలి, ఎర్రగా రెండుసార్లు వెలిగి, పోయింది.
అంతదాకా బండి. ఇప్పుడు ఇనుము.
తన బండి నాకిచ్చి, దీని మీద నిలబడి తొక్కింది ఝాన్సీ.
గొలుసు కిర్రుకిర్రుమంది.
ఆవులు తప్పుకున్నాయి.

వచ్చే దారిలో ఒక గేటు. తుప్పు, తాళం, లోపల తుమ్మలు.
ఆగింది, ఊపిరి కోసమో, దేనికో.
"ఇది టూర్లో లేదండి. గోనెల మిల్లు.
మా అయ్య టోకెను నాలుగొందల పదకొండు."
మైకు తీసి చేతిలో పట్టుకుంది. ఇంకేం చెప్పలేదు.
గేటు సందులోంచి ఇద్దరం చూశాం.
లోపల మేకొకటి ఏదో నములుతోంది.

చూపించడానికి నాకూ ఒకటుంది,
సంచిలో, ప్లాస్టిక్ కవర్లో,
పద్నాలుగు సెంట్లు, నలుపు తెలుపుల్లో.
తియ్యలేదు.

డబ్బులిస్తే లెక్కపెట్టకుండా మడిచింది.
"మళ్లీ వాయిదా ఎప్పుడండీ?"
"పద్దెనిమిదిన."
"అలగైతే ముందు రేతిరే నిండా సార్జింగెట్టీసి ఉంచుతాను"
అని, ఎవరూ అడ్డం లేకపోయినా
బెల్లు ఒకసారి కొట్టి చూసుకుంది.