ఉప్పు తిన్న గొట్టం

చెంగయ్యా, ముందు ఆ ఫోను జేబులో పెట్టు.
ఇది అరంగుళం, ఇది ముప్పావు, ఇది ఒకటింపావు.
కొరుక్కుపేటలో ఈ కొట్టు తెరిచి పంతొమ్మిదేళ్ళు.
కొత్త కుర్రాడొచ్చిన ప్రతిసారీ ఇదే పాఠం, ఇదే బల్ల.

నోరు తిరిగితే దీని పేరు పాలీవినైల్ క్లోరైడ్.
తిరక్కపోతే పీవీసీ.
పుట్టినప్పుడు గొట్టం కాదిది,
గుప్పిట పడితే వేళ్ళ సందున జారిపోయే తెల్లటి పొడి,
ముగ్గుపిండికి తోబుట్టువులా ఉంటుంది.
సగానికి పైగా ఉప్పులోంచి వచ్చింది,
మిగతాది భూమి కింది చమురులోంచి.
ఉప్పునీళ్ళకు కరెంటు పెట్టి
అందులోని ఘాటుగాలిని విడదీస్తారట.

ఎన్నూరు ఉప్పుమళ్ళలో మా అమ్మ వజ్రమ్మ
ఎండంతా లాగిన ఉప్పు
ఏ లారీ ఎక్కి ఎటు పోయిందో!
ఈ పైపులో ఉందని ఒట్టేసి చెప్పను.
కానీ ఉప్పు తిన్నవాడు నీళ్ళు తాగాలని
పెద్దలు ఊరికే అన్లేదురా.
ఇది తినింది.
ఊళ్ళో మేడ మేడకీ తాగుతూనే ఉంది.

తుప్పు పట్టదు, చెద ముట్టదు,
పాత ఇనప గొట్టంలా పొద్దున్నే ఎర్రనీళ్ళు కక్కదు.
ఒట్టిగా పోతపోస్తే కర్రలా బిగుసుకుంటుంది.
నూనెలాంటి మందేదో కలిపితే మెత్తబడి
కరెంటు తీగకి చొక్కా అవుతుంది,
వానకోటవుతుంది, ఆటో సీటవుతుంది.
మొన్న కౌన్సిలర్ పుట్టినరోజు ఫ్లెక్సీ కూడా ఇదే.
ఇప్పుడది వెనకసందులో మునియమ్మ ఇడ్లీబండికి కప్పు.
తలకిందులుగా నవ్వుతుంటాడు,
వానొస్తే ఆయన పళ్ళమీంచి ధార కడుతుంది.

ఎండలో పడెయ్యకు. పాలిపోయి
సుత్తి తగిలితే పెంకులా పగుల్తుంది.
వేడినీళ్ళకి మీగడరంగుది వేరే, రేటూ వేరే.
తునకలు మాత్రం కాల్చొద్దు.
ఒక డిసెంబరు చలిలో నేనూ మస్తానూ కాల్చాం, టీ కోసం.
నిప్పు దాన్ని సరిగ్గా తినలేదు గానీ
పొగ మమ్మల్ని తినింది.
వారం రోజులు గొంతులో రంపపు బ్లేడు.

ఇంక రా, అతుకు నేర్పుతా.
రంపం నిటారుగా. అంచు గీకు. గుడ్డతో తుడువు.
పైపుకీ ఎల్బోకీ పల్చగా సొల్యూషన్,
నెయ్యి కాదు, అంత పొయ్యకు.
తోసి, పావు తిప్పు తిప్పి, పట్టుకో.
ముప్పై లెక్కపెట్టు.
లోపల రెండూ ఒకదాన్లో ఒకటి కరిగి
ఒకటే పైపవుతున్నాయి.
వంకర పోయిందని తర్వాత తెలిస్తే
విప్పేది లేదు, కొయ్యడమే.

పోయినేడు స్టాన్లీలో అమ్మకి రక్తం ఎక్కించారు.
నేను సంచీని తాకి చూశా. చల్లగా, మెత్తగా.
గొట్టం వేలితో నొక్కి, ఇదెంత మందం అని
నర్సమ్మనడిగా.
పిచ్చోణ్ణి చూసినట్టు చూసింది.
కళ్ళు మూసుకునే అమ్మ అంది:
"వాడికి పైపులు తప్ప ఏం తెలీదమ్మా."
దుప్పటి చివర ఆమె పాదాలు,
పగుళ్ళలో ఇంకా తెల్లగా.
సంచీ దేంతో చేస్తారో చెబుదామని నోరు తెరిచి
మళ్ళీ మూసుకున్నా.
రాత్రంతా చుక్కలు లెక్కపెట్టా.

ఎంతవరకొచ్చావు? ఇరవై రెండా?
చెయ్యి వణికితే వణకనీ.
బయటెవరో ముప్పావు బెండు అడుగుతున్నారు,
నేను చూసుకుంటాలే.
నువ్వు వదలకు.