ఎడమ మూల మీట

కార్నెగీలో, కూర్నాంగ్ రోడ్డు మీద, చేపల దుకాణం పక్కన
కంప్యూటర్లు బాగుచేసే గది నాది.
జూలై వాన.
రాయిసా ల్వోవ్నా కూరల ట్రాలీలో
దుప్పటి కప్పి సీపీయూ తెచ్చింది.
"దీనికి రష్యన్ రాదు" అంది,
ఫీజు కట్టినా చదువబ్బని పిల్లాడి గురించి చెప్పినట్టు.

నాకూ రాదు.
నాకు తెలిసిన రష్యా అంతా
చిన్నప్పుడు మూడు రూపాయలకు కొన్న నున్నటి కాగితాల పుస్తకం.
అందులో మంచు కూడా తెలుగులోనే కురిసేది.

కంట్రోల్ ప్యానెల్ తెరిచాను. విండోస్ సీడీ పెట్టమంది.
సొరుగులో గీతలు పడ్డదొకటి దొరికింది,
డ్రైవు గరగరమంటూ మింగింది.
భాషల జాబితా కిందికి జారించాను.
థాయ్ ఉంది. టర్కిష్ ఉంది.
వాటి ముందుండాల్సిన నాది లేదు.
పైకి వెళ్ళి రష్యన్ మీద టిక్కు పెట్టాను.

గడియారం పక్కన చిన్న నీలం గడి మొలిచింది.
ఆల్ట్, షిఫ్ట్ కలిపి నొక్కితే రష్యన్,
మళ్ళీ నొక్కితే ఇంగ్లీషు.
కరెంటు కొత్తగా వచ్చిన ఇంట్లో స్విచ్చులాగా
పదకొండుసార్లు నొక్కి చూసుకుంది.

ఇక మీటలకు అంటించే అక్షరాలు. ఎర్రవి, గోరంత.
నేను అంటిస్తుంటే ఒక్కోదాని పేరూ పలుకుతూ
బల్ల మీద వేలితో కొట్టింది.
టి టి టి టా.
ఇరవై ఏళ్ళు పెర్మ్ తంతి ఆఫీసులో ఇదే పని.
తీగకు అవతలి కొసన, ఓమ్స్క్‌లో, తమారా.
ఒక్కసారీ కలవలేదు. ఫోటో కూడా చూడలేదు.
"చెయ్యి తెలుసు" అంది.
"జలుబు చేస్తే చుక్కలు తడబడేవి.
మొగుడు పోయిన వారం గీతలన్నీ పొడుగే."

మొదటి ఉత్తరం పంపాం. మర్నాడు జవాబు,
ఇంగ్లీషు అక్షరాల్లో, వాళ్ళ భాషలో.
చదివి నాకు చెప్పింది:
"రాయా, ఇన్ని ప్రశ్నలా? ఒక్కోటిగా అడుగు."
అక్కడ తెర నిండా ప్రశ్నార్థకాలే దిగాయట,
సంతకంతో సహా.

మీరూ ఇంగ్లీషు అక్షరాల్లో రాసెయ్యండి, అన్నాను,
మేమందరం అంతే,
ఎలా అనడానికి ఇ, ఎల్, ఏ. ఎవరూ చావలేదు.
ఆమె కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది.
"పక్కింటావిడ చెప్పులేసుకుని పెళ్ళికెళతావా?"
ఆ మాట ఇంగ్లీషులోనే అంది.
నేను తెలుగులో సిగ్గుపడ్డాను.

తప్పు నాదే. పంపే సంచీ మీద
పశ్చిమ యూరప్ అని చీటీ వదిలేశాను.
హాజరు పట్టీలో పేరు లేని పిల్లల్లా
ప్రతి అక్షరమూ వంగి నిలబడింది.
చీటీ మార్చాను.

ప్యాకెట్లో ఒక అక్షరం తక్కువ.
యో. ఎడమ మూల, ఒకటికి పక్క మీట.
దాని బదులు యే కొడతారుగా అందరూ, అన్నాను, ఎక్కడో చదివి.
"తమారా ఇంటిపేరు కరల్యోవా.
నెత్తిన చుక్కలు తీసేస్తే రాణి అని అర్థం.
రాణి కాదు. ఆమెకి జీతం కూడా సరిగ్గా ఇవ్వలేదు."

గురువారం జవాబు దిగింది, అక్షరాలన్నీ నిటారుగా.
ఆమె రెండుసార్లు చదివింది,
మూడోసారి వేలితో బల్ల మీద కొట్టుకుంటూ చదివింది.
నేను ఇరవై డాలర్ల రసీదు రాస్తున్నాను.
"అన్నీ ఒకే ఎత్తు" అంది చివరికి.
"జలుబు ఉందో లేదో ఎక్కడ కనపడుతుంది?"
మెనూలన్నీ గుర్తు చేసుకున్నాను.
దానికి సెట్టింగు లేదండీ.

వాన ఆగలేదు. ఆమె వెళ్ళలేదు.
సంచీలోంచి గోళ్ళ రంగు సీసా తీసి,
ఊపిరి బిగబట్టి,
ఎడమ మూల మీట మీద యే గీసి
దాని నెత్తిన
టి, టి,
రెండు చుక్కలు పెట్టింది.
ఆరేదాకా ఎవరమూ ఏమీ ముట్టుకోలేదు.