ఎంగిలిచేతి రాత

ఆయన కుడిచేత్తో తినేవాడు, ఎడంచేత్తో రాసేవాడు.
కడిగితే రుచి పోద్దని
వేళ్ళ మీద పులుసు ఎండి బిగుసుకుంటా ఉంటే
సిగరెట్టు పెట్టె అట్ట మీద రెండు ముక్కలు గీకి
అప్పుడు లేచేవాడు కుళాయి కాడికి.
ఆదివారం జిల్లా పేపర్లో ఆరో పేజీ,
'ఎంగిలి చెయ్యి', వాకాటి మాలకొండయ్య.
ముప్పై ఒక్క ఏళ్ళు.
ట్రంకు రోడ్డులో ఆయన లూనా ఆగితే
గల్లాపెట్టె కాడ మనిషి లేచి నిలబడేవాడు.
బిల్లు కట్టకుండా పోయింది లేదు,
చిల్లర వదిలేసింది కూడా లేదు.

నా మెస్సు గురించి రాసింది ఒకే వాక్యం:
"చెంగమ్మ పులుసులో చేప మునిగి చచ్చింది."

సంతపేటంతా నవ్వింది.
కాలేజీ పిల్లకాయలు నా గోడ మీదే బొగ్గుతో రాసినారు.
నెల తిరక్కుండా నలభై క్యారియర్లు పోయినాయి.
ఆ ముక్క కత్తిరించి పొయ్యి ఎనక గోడకి అంటించినా,
రోజూ చూసి మండాలని.
మామిడికాయ ఎప్పుడు పడాలో
కొరమీను ఎప్పుడు దించాలో
ఆ మంటలోనే నేర్చుకున్నా.
నిజం చెప్పాలంటే
ఆయనొచ్చిన రోజు చింతపండు పాతది.
నాకు తెలుసు. ఆయన నాలిక్కీ తెలిసింది.

ఆరేళ్ళకి ఒకనాడు, ఇంకా తెల్లారకముందే,
తలుపు కాడ లూనా.
"నలభై మందికి వండాలమ్మా. దర్గామిట్ట పెద్దాసుపత్రికి.
మంచం మీదోళ్ళకి రొట్టె, పాలు వస్తాయి.
మంచం కింద పడుకునేవాళ్ళకి ఏమీ రాదు."

"నాకు వంట రాదని రాసినావే?"

"రాసినా. పోట్లాటకొస్తావనుకున్నా. వంట మార్చినావు.
మనిషిని పంపి నాలుగుసార్లు తెప్పించుకున్నాలే."

"మరి అది రాయలేదే?"

దానికి జవాబుగా లూనా పెడలు తొక్కినాడు.

తిట్టిన హోటళ్ళకే పోయి బియ్యం అడిగినాడు.
బస్తా ఇచ్చి ఒక మంచిమాట రాయమన్నాయనకి
ఆ బస్తా తిరిగి ఎత్తించినాడు.
ఎవరిదో పుట్టినరోజని
ఫొటోగ్రాఫరుతో సహా పులిహోర డేగిశా దిగితే
చిటికెడు నోట్లో వేసుకుని
"ఇది మీ ఇంట్లో తింటారా?" అన్నాడు, అంతే.
ఫొటోగ్రాఫరు దించుకున్నాడు కెమెరా.

వార్డు వరండాలో ముందు ఆకు ఆయనదే.
కింద కూర్చుని, మెతుకు చిదిమి చూసి,
"ఊరికే పెట్టేదానికి ఉప్పు ఊరికే పడదు చెంగమ్మా"
అని నన్ను రెండుసార్లు ఎనక్కి పంపినాడు.
కానీ అక్కడ ఎప్పుడూ రాయలేదు.
తినడం, కడుక్కోవడం. అట్ట తీసింది లేదు.

పేపరోళ్ళు ఆరో పేజీ ప్లాట్ల ప్రకటనకిచ్చినాక
ఆయన చొక్కా జేబులో పెన్ను కూడా మానేసినాడు.

మొన్న శనివారం.
ఉదయగిరి పక్క నుంచి వచ్చిన ఆమె,
మొగుడికి పాము కరిచి ఐదో రోజు,
ఆకులోంచి తల ఎత్తకుండా అనింది:
"నిన్న బాగుండింది. ఈరోజు పులుపెక్కువైంది."

పక్కనున్నోళ్ళు మోచేత్తో పొడిచినారు,
ఊరికే పెడతావుంటే పేర్లు పెడతావా అని.
నాకు తల తీసేసినట్టయింది.

మాలకొండయ్య లేచినాడు. మోకాళ్ళు పట్టుకుని, ఎంగిలి చేత్తోనే.
"ఏమన్నావమ్మా? ఇంకోసారి చెప్పు."
నర్సు దగ్గిర పెన్ను అడుక్కున్నాడు.
మందుల పెట్టె చించి, ఎడంచేత్తో
ఆమె మాట ఆమె మాటలాగే రాసి, కింద
ఆమె పేరు, కొండ్రెడ్డి నాగరత్తమ్మ అని పెట్టి
నా చేతికిచ్చినాడు.
ముఖం ఎట్టుందో తెలుసా? పెళ్ళిలో మారడిగినోడి ముఖం.

పొయ్యి ఎనక ఇప్పుడు రెండు ముక్కలున్నాయి.
రేపటికి చింతపండు తగ్గించినా.