ఓటు లేని నోరు

బ్రాడీపేట నాలుగో లైను, పొద్దున ఆరున్నర.
పేపరు మడత ఇంకా విప్పనే లేదు,
టీ బడ్డీ సాంబయ్య మొదలెడతాడు:
"ఏం ఇంగ్రీడమ్మా, ఈసారి ఎవరొస్తారంటావ్?"

నాకు ఓటు లేదు. నోరుంది.
ముప్ఫై నాలుగేళ్ళు ఆసుపత్రిలో సూదులు పొడుస్తూ
నేర్చిన తెలుగు. తిట్లు ముందొచ్చాయి,
విభక్తులు తర్వాత.

చెబుతాను: మొన్న వేసిన రోడ్డుని
నిన్న తవ్వించినవాడే మళ్ళీ గెలుస్తాడని.
రాజధాని మాటెత్తితే మాత్రం
గ్లాసు అడుగు చూస్తూ కూర్చుంటాను.
స్థలాలున్నవాళ్ళ మధ్య
అద్దెకున్నవాళ్ళు మెల్లగా మాట్లాడాలి.

మిర్చి ధర పడిపోయిన రోజు
ఆటో నాగూర్‌వలి బేరమాడకుండా ఎక్కమంటాడు.
అదే నాకు సంపాదకీయం.

"మీ నార్వేలో ఇలా ఉండదుగా?" అంటాడు పుల్లయ్య మాస్టారు.
ఏమో. అక్కడి మంత్రుల పేర్లు నాకిప్పుడు తెలీవు.
మా కార్పొరేటరు మేనల్లుడికి
ఏ మోచేతికి ఎన్ని కుట్లు పడ్డాయో తెలుసు.

ఏటేటా పోలీసాఫీసులో
అదే కాగితం, అదే ప్రశ్న:
వచ్చిన పని?
ఈ ఏడు రాశాను, "కుళాయి నీళ్ళ కోసం ఎదురుచూపు."
కుర్ర గుమాస్తా నవ్వలేదు.
కొట్టేసి "నివాసం" అని దిద్దాడు.

పోలింగు నాడు బడి గేటు బయట
రత్తమ్మ మనవణ్ణి ఎత్తుకుని నిలబడ్డాను.
ఆవిడొచ్చి, సిరా ఆరని వేలితో
పిల్లాణ్ణి అందుకుంటూ
నా మణికట్టు మీద సన్నటి గీత గీసింది,
తనకు తెలీకుండానే.

రాత్రి అంట్లు తోముతూ
ఎడమచేతిని నీళ్ళకు
కాస్త దూరంగా పెట్టుకున్నాను.