సమాచారదాత పద్నాలుగు

మా లంకలో రాయి పుట్టదు.
ముప్పై నిలువుల లోతు బోరు దించినా
ఒండ్రు, ఇసుక, మళ్ళీ ఒండ్రు,
ఎప్పటివో నత్తగుల్లలు.
మా రుబ్బురోలు కూడా
రాజమండ్రి నుంచి పడవెక్కి వచ్చిందే.
వీధి కుక్కను అదిలించాలన్నా
చేతికి దొరికేది కొబ్బరి డొక్కే.

అలాంటి చోట పుట్టి
రాళ్ళ చదువు చదివాను.
మట్టి కరువైన దేశం మీద
ఆరేళ్ళు పరిశోధన చేశాను.
ఒమాన్ కొండలు, శిలలు, సమాజం, నీటి పంపకం.
మూడువందల పన్నెండు పేజీలు,
నల్ల అట్ట, బంగారు అక్షరాలు.

అక్కడ సముద్రం అడుగు
కొండెక్కి కూర్చుంది.
ఆ కొండల కిందనుంచి సొరంగం తవ్వి
నీళ్ళను ఊళ్ళోకి నడిపించుకుంటారు,
ఫలజ్ అంటారు దాన్ని.
పగలు కర్ర నీడతో, రాత్రి చుక్కలతో
వంతులు కొలిచేవారు.
అది రాస్తుంటే నాన్న గుర్తొచ్చాడు.
లాకుల దగ్గర లస్కరు.
దాళ్వాలో వంతు రాత్రుళ్ళు
లాంతరూ కర్రా పక్కన పెట్టుకుని
తూము మీదే పడుకున్నవాడు.
ఆ పేరా అనవసరమని
మా గైడు ఎర్ర సిరాతో కొట్టేశారు.

రాజోలు దాటి, శివకోడు రోడ్డులో
పొలమూరి సలోమి గారింటికి
పుస్తకం ఇవ్వడానికి వెళ్ళాను.
నిజ్వాలో పదకొండేళ్ళు
వంట చేసి, పిల్లల్ని పెంచి వచ్చిన మనిషి.
నేను విశాఖలో ఉండగా
నాలుగు రాత్రులు ఫోనులో
ఆ ఊరి కాలవ నాకు చూపించిన మనిషి.
ఎక్కడ తాగే నీళ్ళు ముంచాలో,
ఎక్కడ ఆడవాళ్ళ స్నానాల గది,
ఏ మలుపు దాటాక శవానికి నీళ్ళు పోస్తారో.
నా నాలుగో అధ్యాయమంతా
ఆవిడ గిన్నెలు తోమిన గట్టు.

"నా పేరుందాండీ ఇందులో?"

పేజీ తిప్పి చూపించాను:
సమాచారదాత 14, స్త్రీ, ఇంటిపని.
పేర్లు రాయకూడదండి, నియమం,
మీ మంచికే, అన్నాను.

నవ్వింది.
"అక్కడా పేరు లేదండి.
తాలీ, తాలీ అని పిలిచేవోరు.
తాలీ అంటే రా అనండి.
మా ఆయన పోయినప్పుడు మెళ్ళోంచి తీసింది
పదకొండేళ్ళు చెవిలో మోగిందండాయ్.
ఇక్కడికొస్తే పద్నాలుగయ్యానన్నమాట."

టీ పెట్టడానికి లేచింది.
వంటింటి గుమ్మంలో నా కళ్ళు ఆగిపోయాయి.
మాగాయ జాడీ, వాసెన గుడ్డ,
పైన స్టీలు పళ్ళెం,
దాని మీద బరువుకి గుప్పెడంత రాయి.
ఆకుపచ్చలో నలుపు, కుబుసం మెరుపు.
ముట్టుకోకముందే తెలిసింది, సర్పెంటైన్.
భూమి లోపలి పొర
సముద్రపు నీళ్ళు తాగి తాగి ఇలా అవుతుంది.
కోట్ల ఏళ్ళ నాటిది
ఊరగాయకు కాపలా కాస్తోంది.

చిన్న ముక్క ఇప్పించండి,
గాజు పలక మీద అతికించి
వెంట్రుక కన్నా పల్చగా అరగదీసి
లోపల ఏముందో చూస్తాను, అన్నాను.

రాయి తీసి కొంగులో వేసుకుంది.
"మూణ్ణెల్ల జీతం బాకీ అండి వోళ్ళు.
పాస్‌పోర్టు చేతికిచ్చిన రోజు
ఆ కాలవలోంచి తీసి
పాలపొడి డబ్బాలో పెట్టి తెచ్చానండి.
ఎయిర్‌పోర్టులో తూకం ఎక్కువైందంటే
రెండు చీరలు, పిల్లోడి చెప్పులు
అక్కడే పారేశాను గానీ
దీన్నొదల్లేదు.
మీరు అరగదీస్తే
అరిగేది నా జీతమండి."

టీ చల్లారింది.
పెన్ను తీసి, పద్నాలుగు పక్కన
పొలమూరి సలోమి అని రాశాను.
వేలు పెట్టి ఒక్కో అక్షరం చదువుకుంది.
"లస్కరు గారబ్బాయి కదండీ మీరు?
మా అయ్య కౌలు చేనుకి
అర్ధరాత్రి తూమెత్తింది ఆయనేనండి.
ఆరి పేరూ రాయండి, చోటుంది."

రాశాను.
సముద్రపు గాలి కిటికీలోంచి దూరి
జాడీ మీద పళ్ళెం గలగలమంది.
రాయి ఇంకా ఒళ్ళోనే ఉంది.
అటూ ఇటూ చూసి
నా మూడువందల పన్నెండు పేజీలూ తీసి
పళ్ళెం మీద పెట్టింది.

"ఇవాల్టికి సరిపోద్దిలెండి."